కాన్పు గది నుంచి గర్భసంచి ఆపరేషన్ దాకా: తెలుగునాట స్త్రీల వైద్యం

ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా తెలుగు పల్లెల్లో పురుళ్లు పోసింది మంత్రసానులే. చాలా ఊళ్లలో ఈ పని మంగలి కులపు స్త్రీలది. కొన్నిచోట్ల మాల, మాదిగ, చాకలి కుటుంబాల ఆడవాళ్లూ చేసేవారు. తెలంగాణలో వారిని దాయి అని కూడా పిలిచేవారు. విద్య తల్లి నుంచి కూతురికో, అత్త నుంచి కోడలికో వచ్చేది. ప్రతిఫలం చాటెడు బియ్యం, పాత చీర, రవికెగుడ్డ, కొద్దిపాటి చిల్లర. పుట్టింది మగబిడ్డయితే ఇంకాస్త దక్కేది. పురిటి మైల ఉన్నన్ని రోజులూ బాలింతను ఇంటివాళ్లు అంటుకునేవారు కాదు గనుక మైలగుడ్డలు ఉతకడం, బిడ్డకు నీళ్లు పోయడం, తల్లికి నూనె రాసి కాపడం పెట్టడం కూడా మంత్రసాని మీదే పడేవి. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలనే సామెతలో ఆ పనికి ఊరు ఇచ్చిన గౌరవం ఎంతో తెలుస్తుంది.

పురుడు జరిగే చోటు ఇంట్లో గాలీ వెలుతురూ తక్కువగా ఉండే మూలగది. అక్కడ ఒక నులకమంచం, పాత గుడ్డలు, కుంపటి ఉండేవి. నొప్పులు మొదలవగానే మంత్రసాని కడుపు మీద చేత్తో తడిమి బిడ్డ తల ఎటు ఉందో చూసేది. అడ్డంగా ఉంటే ఆముదం రాసి మెల్లగా సవరించే నేర్పు కొందరికి ఉండేది. బిడ్డ బయటపడ్డాక మాయ వచ్చేదాకా ఆగి, కొడవలితోనో చాకుతోనో వెదురు బద్దతోనో బొడ్డు కోసి, దాని మీద బూడిదో పసుపో అద్దేవారు. బాలింతకు మొదటి రోజుల్లో నీళ్లు కూడా కొలిచి ఇచ్చేవారు. ఆ తరువాత శొంఠి, మిరియాలు, వెల్లుల్లి, కాయం ముద్దలతో పథ్యం నడిచేది.

మామూలు కాన్పులకు ఈ పద్ధతి సరిపోయేది. చిక్కు రెండు చోట్ల వచ్చేది. మొదటిది శుభ్రత. కడగని చేతుల నుంచి తల్లికి సూతికా జ్వరం, తుప్పు పట్టిన పనిముట్ల నుంచి బిడ్డకు ధనుర్వాతం సోకేవి. రెండోది బిడ్డ అడ్డం తిరగడం, తల్లి కటి ఇరుకుగా ఉండటం. పదమూడు, పద్నాలుగేళ్లకే తల్లులయ్యే కాలంలో ఈ రెండో చిక్కు తరచుగా ఎదురయ్యేది. రోజుల తరబడి నొప్పులు పడి తల్లీబిడ్డా పోయిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. బతికి బయటపడ్డవారిలో కొందరికి మూత్రాశయానికీ యోనికీ మధ్య చిల్లు పడి, మూత్రం ఆగకుండా కారుతూ ఉండేది. అలాంటి స్త్రీలు వాసన కారణంగా భర్త ఇంటికీ బంధువుల ఇళ్లకూ దూరమై బతికేవారు. కాన్పు ఆడదానికి పునర్జన్మ అనే మాట అనుభవం మీద పుట్టిందే.

వైద్య గ్రంథాలు, ఇంటి మందులు

కాన్పుతో సంబంధం లేని స్త్రీల రోగాలను ఆయుర్వేద గ్రంథాలు విడిగా చర్చించాయి. చరకసంహిత ఇరవై యోనివ్యాపత్తులను లెక్కించింది. సుశ్రుతసంహిత కడుపులో అడ్డం తిరిగిన శిశువును మూఢగర్భమని పిలిచి, దాన్ని బయటికి తీసే పద్ధతులు చెప్పింది. తెలుగు ప్రాంతపు వైద్యులకు చేతి పుస్తకంగా ఉన్న బసవరాజీయంలోనూ స్త్రీల రోగాలకు యోగాలున్నాయి. తెల్లబట్టకు, అధిక రక్తస్రావానికి లొద్దుగ చెక్క, అశోక చెక్క, బాలింత నీరసానికి దశమూలాలు వాడుకలో ఉండేవి.

అయితే వైద్యులు మగవారు. వారు నాడి పట్టుకుని చూసేవారు, మిగతా సంగతులు భర్తనో అత్తగారినో అడిగి తెలుసుకునేవారు. ముట్టు ఎన్ని రోజులకు వస్తోంది, ఎంత పోతోంది, నొప్పి ఎక్కడ అన్న ప్రశ్నలకు జవాబు రోగి నోటి నుంచి కాక మరొకరి నోటి నుంచి వచ్చేది. బహిష్టు రోజుల్లో ఇంటి బయట చేరడం ఆచారమైన సమాజంలో ఆ విషయం మాట్లాడటమే మైలగా తోచేది. అందువల్ల చాలామంది తమ బాధ మంత్రసానికే చెప్పుకునేవారు. ముట్టు తప్పితే తెప్పించే కషాయాలు, వద్దనుకున్న కడుపును దించే పుల్లలు, వేళ్లు కూడా ఆమె దగ్గరే దొరికేవి. ఆ పద్ధతుల వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

మద్రాసు ప్రసూతి ఆసుపత్రి, మొదటి వైద్యురాళ్లు

కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్నందున అక్కడి స్త్రీల వైద్యానికి మూలస్థానం మద్రాసే అయింది. 1844లో అక్కడ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి మొదలైంది. తరువాతి కాలంలో అది ఎగ్మూరు ఆసుపత్రిగా పేరు పొందింది. కాన్పులు చేయించడంతో పాటు మంత్రసాని పనిలో శిక్షణ ఇవ్వడం ఆ ఆసుపత్రి బాధ్యతల్లో ఒకటి. మద్రాసు వైద్యశాఖలో పనిచేసిన ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే అధికారి ఇంగ్లండులో వాడుకలో ఉన్న కాంక్వెస్ట్ ప్రసూతి శాస్త్ర గ్రంథాన్ని తానే హిందుస్తానీలోకి అనువదించి, తెలుగు, తమిళ, కన్నడ అనువాదాలు కూడా సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. పురుడు పోసే పనికి ముద్రిత పుస్తకం తెలుగులో అలా అందింది. అయితే ఆ పని చేసే స్త్రీలలో చదువు వచ్చినవారు చాలా తక్కువ.

మగ డాక్టరు ముందుకు రావడానికి గోషా పాటించే ముస్లిం స్త్రీలు గాని, అగ్రవర్ణాల హిందూ స్త్రీలు గాని ఒప్పుకునేవారు కాదు. ఈ అడ్డంకి తొలగాలంటే వైద్యురాళ్లు కావాలని బాల్ఫర్ వాదించాడు. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ స్త్రీలను చేర్చుకుంది. మొదటి జట్టులో నలుగురు ఉన్నారు. వారిలో ఒకరైన మేరీ షార్లీబ్ మద్రాసులో వకీలుగా పనిచేస్తున్న ఆంగ్లేయుని భార్య. సరైన వైద్యం లేక స్త్రీలు కాన్పుల్లో పడే బాధలు విని ఆమె ముందు ప్రసూతి ఆసుపత్రిలో మంత్రసాని పని నేర్చుకుంది, ఆ తరువాత కాలేజీలో చేరింది. 1878లో చదువు ముగించి, లండన్‌లో పై పట్టా తీసుకుని 1883లో మద్రాసు తిరిగి వచ్చింది. 1885లో గోషా స్త్రీల కోసం, కులాచారం పాటించే హిందూ స్త్రీల కోసం విడిగా విక్టోరియా ఆసుపత్రి మొదలవడానికి ఆమే ముఖ్య కారకురాలు. ఆ ఆసుపత్రి సొంత భవనానికి వెంకటగిరి రాజా భారీ విరాళం ఇచ్చారు. ట్రిప్లికేన్‌లోని ఆ సంస్థ ఈనాటి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి.

ఆ 1885లోనే వైస్రాయ్ భార్య లేడీ డఫరిన్ పేరుతో భారత స్త్రీలకు వైద్య సహాయ నిధి ఏర్పడింది. వైద్యురాళ్లకు, నర్సులకు, మంత్రసానులకు చదువు చెప్పించడం, స్త్రీల ఆసుపత్రులు కట్టించడం దాని ఉద్దేశాలు. సంస్థానాధీశులు, జమీందారులు దీనికి చందాలిచ్చారు. విశాఖపట్నం, విజయనగరం వంటి చోట్ల స్త్రీలకు ప్రత్యేకమైన ఆసుపత్రులు ఈ ఊపులో వెలిశాయి. రెండు ఊళ్లలోనూ జనం నోట వాటి పేరు నేటికీ గోషా ఆసుపత్రే. ఇలాంటి ఆసుపత్రుల్లో ప్రహరీ ఎత్తుగా ఉండేది, పల్లకీ లోపలి వరకూ వెళ్లేది, వార్డులోకి మగవారికి ప్రవేశం ఉండేది కాదు. చికిత్స కన్నా ముందు ఈ ఏర్పాట్లే రోగులను రప్పించాయి.

నిజాం రాజ్యం

హైదరాబాదులో మార్పు మరో దారిలో వచ్చింది. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్ అధిపతి ఎడ్వర్డ్ లారీ మత్తుమందు క్లోరోఫారం మీద పరిశోధనలు జరిపించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా 1888లో, 1889లో రెండు క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. లారీ తన స్కూల్లో స్త్రీలను కూడా చేర్చుకున్నాడు. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో పట్టా పొంది, శస్త్రచికిత్సల్లో క్లోరోఫారం ఇచ్చే పనిలో పేరు తెచ్చుకుంది. మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి స్త్రీలలో ఆమెను ఒకరిగా చెబుతారు. ఆ ప్రయోగాలు జరిగిన రెసిడెన్సీ ఆసుపత్రి ఇప్పుడు సుల్తాన్ బజారు ప్రసూతి ఆసుపత్రి.

1906లో మూసీ ఒడ్డున విక్టోరియా జెనానా ఆసుపత్రికి వేల్స్ యువరాణి శంకుస్థాపన చేసింది. నగరపు ముస్లిం, హిందూ కుటుంబాల స్త్రీలు పరదా విడవకుండా వెళ్లగలిగిన పెద్ద ఆసుపత్రి అది. దాని వారసత్వం తరువాత పేట్ల బురుజు ఆధునిక ప్రసూతి ఆసుపత్రికి వచ్చింది. ఏడో నిజాం కోడలు నీలోఫర్ తన పరిచారిక ఒకామె కాన్పులో సరైన వైద్యం అందక చనిపోయిందన్న బాధతో మరో ఆసుపత్రికి పూనుకుంది. 1953లో రెడ్‌హిల్స్‌లో మొదలైన నీలోఫర్ ఆసుపత్రి అలా పుట్టింది. రాజధానిలో ఇన్ని వచ్చినా నిజాం రాజ్యపు పల్లెల్లో స్త్రీలకు దాయి తప్ప దిక్కు లేని స్థితి చాలాకాలం మారలేదు.

మిషన్ ఆసుపత్రులు

జిల్లాల్లో ఈ ఖాళీని కొంతవరకు పూరించినవి క్రైస్తవ మిషన్లు. అమెరికా లూథరన్ మిషన్ తరపున డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. ఆమె వైద్యురాలైనా మిషన్ మొదట్లో ఆమెకు బాలికల బడులు, ఇళ్లలోని స్త్రీలకు చెప్పే జెనానా బోధన అప్పగించింది. మందుల పెట్టె పట్టుకుని ఇళ్లకు వెళ్లడంతో మొదలుపెట్టి, కొన్నేళ్లలో డిస్పెన్సరీ, పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోపు ఆసుపత్రి భవనం సాధించింది. తన కుటుంబానికి వైద్యం అందినందుకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారు ఆ ఆవరణలో రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. హిందూ కుటుంబాలు తమ వంట తాము చేసుకునే వీలుండటం రోగులు పెరగడానికి తోడ్పడింది. కుగ్లర్ నలభై ఏడేళ్లు పనిచేసి 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఊరి వాళ్లు ఆమె ఆసుపత్రిని కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు, పిఠాపురంలో కెనడియన్ బాప్టిస్టులు, మెదక్‌లో వెస్లియన్ మిషన్ స్త్రీల వైద్యానికి కేంద్రాలు నెలకొల్పారు. చిత్తూరు సీమ వారికి దగ్గరగా వెల్లూరులో ఐడా స్కడర్ ఆసుపత్రి ఉండేది. 1918లో ఆమె అక్కడ స్త్రీల కోసం మెడికల్ స్కూలు కూడా తెరిచింది. మిషన్ ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన నర్సులలో ఎక్కువమంది దళిత క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు, వితంతువులు. నర్సు ఉద్యోగం చాలాకాలం తక్కువ చూపుకు గురైనా, తెలుగునాట చదువుకున్న స్త్రీలకు జీతం దొరికిన తొలి వృత్తుల్లో అది ఒకటి.

చట్టం, లెక్కలు

సంప్రదాయ మంత్రసానులను పూర్తిగా తొలగించడమా, వారికే శిక్షణ ఇవ్వడమా అన్న ప్రశ్న బ్రిటిష్ కాలమంతా నలిగింది. 1903లో లేడీ కర్జన్ పూనికతో వచ్చిన విక్టోరియా స్మారక నిధి దాయిలకు శిక్షణ ఇవ్వడానికే ఏర్పడింది. చేతులు సబ్బుతో కడుక్కోవడం, కత్తెర మరగబెట్టడం, ఎప్పుడు డాక్టరును పిలవాలో గుర్తించడం ఆ శిక్షణలో ముఖ్యాంశాలు. 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం నమోదు పద్ధతి తెచ్చింది. పట్టా ఉన్న మిడ్‌వైఫ్, పట్టా లేని మంత్రసాని అనే తేడా అక్కడ గట్టిపడింది.

స్వాతంత్ర్యానికి ముందు దేశంలో పరిస్థితిని అంచనా వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. గర్భం, కాన్పు కారణంగా ఏటా సుమారు 2 లక్షల మంది స్త్రీలు చనిపోతున్నారని, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు దేశం మొత్తం మీద 5,000 మందే ఉన్నారని అది లెక్క చెప్పింది. ఆ కమిటీ సభ్యుల్లో ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్ ఒకరు. 1887లో కర్నూలులో పుట్టిన ఆయన ఎగ్మూరు ఆసుపత్రికి తొలి భారతీయ సూపరింటెండెంటు అయ్యారు. ప్రసూతి వైద్యం మీద ఆయన రాసిన పాఠ్యగ్రంథాన్ని దేశంలో తరతరాల వైద్య విద్యార్థులు చదివారు. స్వచ్ఛంద రంగంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తరువాతి సంవత్సరాల్లో నర్సింగ్ హోమ్ నడిపి, నర్సులకూ మిడ్‌వైఫ్‌లకూ శిక్షణ ఇచ్చింది.

పత్రికలోని ప్రకటన, పోస్టులో వచ్చే సీసా

ఇంతవరకు చెప్పిన సంస్థలన్నింటికీ కేంద్రం కాన్పు. తెల్లబట్ట, నెలసరి నొప్పి, అధిక రక్తస్రావం, గర్భసంచి జారడం, పిల్లలు లేకపోవడం వంటి బాధలతో ఆసుపత్రి గడప తొక్కినవారు తక్కువ. వారికి మందు మరో మార్గంలో చేరింది. కోట నరసింహ కేసరి మద్రాసులో స్థాపించిన కేసరి కుటీరం స్త్రీల గర్భాశయ రోగాలకు మందుగా ‘లోధ్ర’ను తయారు చేసి, పత్రికల్లో విరివిగా ప్రకటనలిచ్చింది. డాక్టరుకు చెప్పుకోలేని బాధకు పోస్టులో సీసా తెప్పించుకునే వీలు కలిగింది. ఆ వ్యాపారంలో వచ్చిన ఆదాయంతో కేసరి 1928 నుంచి గృహలక్ష్మి మాసపత్రిక నడిపాడు. 1934 నుంచి తెలుగు రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణం బహూకరించాడు. మొదటి కంకణం కనుపర్తి వరలక్ష్మమ్మకు దక్కింది. స్త్రీల మందు అమ్మకమూ స్త్రీల సాహిత్యమూ ఒకే ఇంటి నుంచి రావడం ఆ కాలపు విశేషం. ఈ టానిక్కుల వల్ల ఉపశమనం పొందినవారు ఉండవచ్చు. రోగం ఏదో తేల్చే పరీక్ష మాత్రం జరిగేది కాదు. క్యాన్సరు వల్ల పోయే రక్తానికీ, రక్తహీనతకూ, గర్భసంచిలో గడ్డకూ ఒకే సీసా మందయ్యేది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, కు.ని. ఆపరేషన్

1952లో సమాజ వికాస పథకంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి. ఊళ్లకు ఎ.ఎన్.ఎం. (సహాయక నర్సు-మిడ్‌వైఫ్) వచ్చింది. గర్భిణికి ధనుర్వాతం రాకుండా టిటి ఇంజక్షను, ఐరన్ మాత్రలు, శుభ్రమైన బ్లేడుతో బొడ్డు కోయడం ఆమె ద్వారా పల్లెకు చేరాయి. బాలింతల, పసిపిల్లల ధనుర్వాతం తగ్గడానికి ఈ ఇంజక్షనే ప్రధాన కారణం. ఆ 1952లోనే కుటుంబ నియంత్రణ (కు.ని.) ప్రభుత్వ కార్యక్రమమైంది. 1965లో గర్భసంచిలో అమర్చే లూప్ వచ్చింది. సరైన పరీక్ష లేకుండా వేయడం వల్ల రక్తస్రావం, నొప్పి ఎక్కువై, జనంలో దానికి చెడ్డపేరు వచ్చింది. అత్యవసర పరిస్థితి కాలంలో మగవారి మీద బలవంతపు ఆపరేషన్లు జరిగాక, 1977 తరువాత ప్రభుత్వం దృష్టి పూర్తిగా ఆడవాళ్ల ట్యూబెక్టమీ వైపు మళ్లింది.

తెలుగునాట ఇది ఎంత బలపడిందంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి పెళ్లయిన స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై మూడు, ఇరవై నాలుగుకల్లా ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అనేది లక్షల కుటుంబాల్లో మామూలు క్రమం. శిబిరాల్లో ఒకే రోజు పదుల సంఖ్యలో డి.పి.ఎల్. (లాపరోస్కోపీ) ఆపరేషన్లు జరిగేవి. లక్ష్యాలు చేరుకోవాల్సిన ఒత్తిడిలో ఎ.ఎన్.ఎం. సమయమంతా వాటికే పోయేది. మాత్రలు, కాపర్ టి, మగవారి వేసక్టమీ వెనకబడ్డాయి. ఆపరేషన్ అయిపోయిన స్త్రీకి ఆరోగ్య కేంద్రంతో పని కూడా దాదాపు అయిపోయినట్టే ఉండేది. ఇరవై అయిదేళ్లకే మొదలయ్యే ఆ తరువాతి జీవితానికి ప్రభుత్వ వైద్యంలో ప్రత్యేకమైన చోటు లేకపోయింది.

స్త్రీల సంఘాల ప్రశ్నలు

ఈ లోటును మొదట గట్టిగా ఎత్తిచూపింది స్త్రీల ఉద్యమం. 1985లో హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షను శిబిరం పెట్టారు. అది ప్రయోగదశలో ఉన్న మందని, దుష్ప్రభావాలు ఉండవచ్చని అక్కడికి వచ్చిన పేద స్త్రీలకు చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీల సంఘం సభ్యులు శిబిరానికి వెళ్లి ఈ సంగతులు వివరించాక చాలామంది ఇంజక్షను వద్దని వెళ్లిపోయారు. మరుసటి ఏడాది ఆ సంఘం మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలిసి ఇచ్చే అంగీకారం లేకుండా వైద్య ప్రయోగం చేయవచ్చా అన్నది ఆ వ్యాజ్యంలో కీలకమైన ప్రశ్న.

ఇదే వాతావరణంలో 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘సవాలక్ష సందేహాలు’ అనే పుస్తకం ప్రచురించింది. డాక్టర్లు, కార్యకర్తలు కలిసి తయారు చేసిన ఈ పుస్తకం నెలసరి, తెల్లబట్ట, గర్భస్రావం, సంతానలేమి, ముట్లుడగడం, నడుంనొప్పి వంటివాటిని వాడుక తెలుగులో చర్చించింది. రోగాన్ని తిండితో, ఇంటి చాకిరీతో, హింసతో కలిపి చూడటం దాని ప్రత్యేకత. పత్రికల్లో డాక్టర్ల ప్రశ్నజవాబుల శీర్షికలు పెరగడంతో అప్పటిదాకా చెవిలో చెప్పుకున్న మాటలు అచ్చులోకి వచ్చాయి.

ఆసుపత్రి కాన్పులు, కోతలు

1992-93లో ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి కాన్పులు దాదాపు మూడో వంతు. 2005-06 నాటికి అవి 64 శాతానికి చేరాయి. ఆ తరువాతా పెరుగుతూనే వచ్చాయి. 2005లో మొదలైన 108 అంబులెన్సు, జననీ సురక్షా యోజన, ఆశా కార్యకర్తలు అందుకు తోడయ్యారు. తెలంగాణలో 2017 నుంచి కేసీఆర్ కిట్‌తో పాటు ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయిన తల్లికి 12,000 రూపాయలు, ఆడబిడ్డయితే 13,000 ఇచ్చారు. 2019-21 సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ ఆసుపత్రి కాన్పులు 96 శాతం దాటాయి. మంత్రసాని కాలం అక్కడితో ముగిసిందని చెప్పవచ్చు.

ఫలితం ప్రాణాల లెక్కలో కనబడుతుంది. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20కి అది ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు తగ్గింది. అదే కాలానికి దేశ సగటు 97. అధిక రక్తస్రావానికి రక్తం ఎక్కించడం, గుర్రపువాతానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వడం, అడ్డం తిరిగిన బిడ్డను సిజేరియన్‌తో తీయడం అందుబాటులోకి రావడం ఇందుకు ముఖ్య కారణం.

అదే సిజేరియన్ మరో సమస్య అయింది. 2019-21లో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశ సగటు 21.5 శాతం. ముహూర్తం చూసి కోత కోయించుకోవడం, నొప్పులంటే భయం, మొదటిసారి కోస్తే రెండోసారీ కోతేనన్న అలవాటు, ప్రైవేటు ఆసుపత్రుల సమయం, డబ్బు లెక్కలు ఇందుకు కారణాలు. దీన్ని తగ్గించడానికి తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సహకారంతో 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. కరీంనగర్ ఆసుపత్రి దీనికి తొలి వేదిక. మామూలు కాన్పును ఓపికగా నడిపించే పని, మంత్రసాని వెళ్లిపోయాక ఎవరిదీ కాకుండా పోయిన పని, మరో రూపంలో మళ్లీ ఒక వృత్తి అయింది.

గర్భసంచి తొలగింపు

కు.ని. ఆపరేషన్ అయ్యాక వచ్చే బాధలకు చోటు లేని వ్యవస్థ చివరికి చూపిన దారి గర్భసంచి తీసేయడం. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఈ రెండు రాష్ట్రాల్లోనే ఇది అన్నిటికన్నా ఎక్కువ. ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగం మందికి అప్పటికి ముప్పై అయిదేళ్లు నిండలేదు. ఎక్కువ ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి.

రోగి చెప్పే బాధలు సాధారణంగా అధిక రక్తస్రావం, తెల్లబట్ట, నడుంనొప్పి, కడుపునొప్పి. వీటిలో చాలావాటికి ఆపరేషన్ అవసరం ఉండదు. తెల్లబట్ట ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తే మాత్రలతో తగ్గుతుంది. నెలసరి రక్తం ఎక్కువైతే రక్తహీనత, థైరాయిడ్ చూసి, హార్మోన్ మాత్రలో, హార్మోన్ వదిలే లూపో వాడవచ్చు. చిన్న ఫైబ్రాయిడ్ గడ్డలు చాలామందిలో ఏ ఇబ్బందీ పెట్టవు, ముట్లుడిగాక కుంచించుకుపోతాయి. క్యాన్సరు, మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, పూర్తిగా జారిన గర్భసంచి వంటివాటికి ఆపరేషన్ సరైన చికిత్సే. కానీ తీసేయకపోతే క్యాన్సరు అవుతుందనే భయం, పిల్లలు పుట్టేశారు గనుక ఇక ఆ సంచితో పనేముందన్న ఆలోచన, నెలసరి రోజుల్లో కూలి పోతుందన్న లెక్క కలిసి యువతులను బల్ల మీదికి చేర్చాయి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే హార్మోన్లు ఒక్కసారిగా ఆగి, ఒంట్లో ఆవిర్లు, ఎముకలు బోలు కావడం, గుండెజబ్బు ముప్పు ముందే వస్తాయి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు పెద్ద ఆసుపత్రుల తలుపులు తెరిచింది. ఖర్చు ప్రభుత్వం భరించడంతో ఈ ఆపరేషన్ల మీద ఫిర్యాదులూ పెరిగాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో పథకం కింద వీటిని చేయడంపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ అనవసర తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో సుప్రీంకోర్టు వాటిని అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

క్యాన్సరు, టీకా, నేటి సేవలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సరు భారత స్త్రీలలో రొమ్ము క్యాన్సరు తరువాత ఎక్కువగా కనిపించేది. 1955లో హైదరాబాదులో మొదలైన మెహ్దీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రికి వచ్చే స్త్రీలలో చాలామంది ముదిరిన దశలోనే వస్తారు. ముందుగా పట్టుకునే పాప్ స్మియర్, వెనిగర్ వంటి ద్రావణం పూసి కంటితో చూసే పరీక్ష చౌకైనవే. అయినా 2019-21 నాటికి 30-49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 2 శాతం లోపే ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకున్నారు. ఈ క్యాన్సరుకు కారణమైన హెచ్.పి.వి. వైరసుకు టీకా ఉంది. తెలుగునాట దాని ఆరంభం వివాదంతో జరిగింది. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం కింద వేలమంది బాలికలకు టీకా వేశారు. కొన్ని మరణాల తరువాత 2010లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాలపై సంతకాలు చేయడం వంటి లోపాలు మాత్రం బయటపడ్డాయి. పటాన్‌చెరులో లేచిన ప్రశ్నే పాతికేళ్ల తరువాత మళ్లీ వచ్చింది.

రక్తహీనత ఈ చరిత్ర పొడుగునా కదలని సమస్య. 2019-21లో 15-49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి అది ఉంది. ఐరన్ మాత్రలు అర్ధశతాబ్దానికి పైగా పంచుతున్నా, ఎక్కువగా గర్భిణులకే అందాయి. పట్టణాల్లో పి.సి.ఓ.ఎస్., థైరాయిడ్, సంతానలేమి సమస్యలతో వచ్చేవారు పెరిగి, సంతాన సాఫల్య కేంద్రాలు ఊరూరా వెలిశాయి. వాటి నియంత్రణకు 2021లో రెండు కేంద్ర చట్టాలు వచ్చాయి. 1971 గర్భస్రావ చట్టాన్ని కూడా 2021లో సవరించి, కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచారు. దీనివల్ల పుల్లలు, వేళ్లతో కడుపు దించే పాత పద్ధతికి బదులు సురక్షితమైన, చట్టబద్ధమైన దారి విస్తరించింది.

ప్రభుత్వ సేవలు ఇప్పుడు మూడు మెట్లుగా ఉన్నాయి. ఉపకేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఎ.ఎన్.ఎం., వైద్యాధికారి గర్భిణుల పరీక్షలు, మాత్రలు, కాపర్ టి చూస్తారు. 2016 నుంచి ప్రతి నెల 9న గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితం. సామాజిక, ఏరియా, జిల్లా ఆసుపత్రుల్లో స్త్రీ వైద్య నిపుణులు, స్కానింగు, ఆపరేషన్ థియేటరు ఉంటాయి. బోధనాసుపత్రులు, ప్రసూతి ఆసుపత్రులు కష్టమైన కేసులు తీసుకుంటాయి. 2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం కింద ఎంపిక చేసిన వంద కేంద్రాల్లో మంగళవారాలు స్త్రీలకే కేటాయించి, రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం, నెలసరి సమస్యలు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు మొదలుపెట్టారు. 1844 నాటి మద్రాసు ఆసుపత్రి నుంచి స్త్రీల వైద్యం గర్భిణి కోసమే వ్యవస్థను నిర్మించుకుంటూ వచ్చింది. గర్భంతో నిమిత్తం లేకుండా, ఏ వయసు స్త్రీనైనా రోగిగా చూసే ప్రభుత్వ ఏర్పాట్లు ఈ శతాబ్దంలోనే మొదలయ్యాయి.